కొట్టానికి కరెంటు.. గొయ్యి తవ్వే ముందు ఇది చదవండి!

వైరు మట్టిలో పూడ్చేస్తే ప్రమాదం పోయినట్టేనా? అడవి అంచు ఊళ్లలో కొత్త షెడ్డుకి కరెంటు తెచ్చుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన లెక్కలు, జాగ్రత్తలు.

‘ఒరేయ్, నువ్వు ఇంజినీరింగ్ చదివావు కదా, వెనకాల కొట్టానికి కరెంటు ఎట్లా తేవాలో చెప్పు!’ ఊళ్లో కొత్త కొట్టం లేచిందంటే, పండక్కి ఇంటికెళ్లిన ప్రతి కుర్రాడికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. మనం చదివింది కంప్యూటర్ సైన్సా, సివిలా అన్నది నాన్నకి అనవసరం. ఇంజినీరింగ్ అంటే కరెంటు తెలిసే ఉండాలి, అంతే. మనం ఫోన్ తీసి వెతికేలోపు పక్కింటాయన ఓ వైరు చుట్ట పట్టుకొచ్చి, రెండు కర్రలు పాతి, సాయంత్రానికి బల్బు వెలిగించేస్తాడు. అందరూ హ్యాపీ. వర్షాకాలం వచ్చేదాకా.

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా వెళ్తూ గమనించండి. ఈ నేల రాష్ట్రానికి వెలుగునిచ్చే నేల. ఇల్లందులో 1889లోనే బొగ్గు తవ్వకం మొదలైంది. పాల్వంచ థర్మల్ కేంద్రం 1960ల నుంచి నడుస్తోంది. అక్కడ 800 మెగావాట్ల ఏడో దశ 2018లో వచ్చింది. మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం 2022 నాటికి పూర్తయింది. పెద్ద పెద్ద టవర్ల మీద లైన్లు టేకు చెట్ల పైనుంచి సాగిపోతుంటాయి. ఆ టవర్ల కింద ఊళ్లలో మాత్రం ఇంటి నుంచి కొట్టానికి వైరు వెదురు బొంగుల మీద వేలాడుతూ కనిపిస్తుంది.

అందుకే ఈ మధ్య చాలామంది ‘గొయ్యి తవ్వి కింద నుంచి వేసేద్దాం’ అంటున్నారు. ఆలోచన మంచిదే. కాకపోతే ఓ చిక్కుంది. పైన వేలాడే వైరు తెగితే కనిపిస్తుంది. మట్టిలో వైరు పాడైతే కనిపించదు. కాబట్టి కింద నుంచి వేసే పని ఒక్కసారే చేయాలి, సరిగ్గా చేయాలి. అసలు భద్రత గొయ్యిలో కాదు, ఆ వైరు మొదలయ్యే చోటా, ముగిసే చోటా ఉంటుంది. అదెలాగో చూద్దాం.

గాల్లో వైరుతో గొడవేంటి?

మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలిదుమారం లేస్తే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. చింత కొమ్మో, విప్ప కొమ్మో విరిగి వైరు మీద పడుతుంది. కోతులు ఊగుతాయి. ఎండకి పైతొడుగు పెళుసెక్కి పగుళ్లిస్తుంది. అన్నిటికంటే ప్రమాదకరమైంది బట్టలు ఆరేసే ఇనప దండెం. పగిలిన సర్వీసు వైరు ఆ దండేనికి ఎక్కడో ఒకచోట తగులుతుంది. తడి బట్ట ఆరేయబోయిన అమ్మ ప్రాణం పోతుంది. వానాకాలం పేపర్లలో జిల్లా పేజీ తిరగేస్తే ఇలాంటి వార్త ఎన్నిసార్లు చదివామో! జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల్లో దేశంలో కరెంటు షాకుతో ఏటా పది వేల మందికి పైగానే చనిపోతున్నారు.

గాలివానలకి భయపడి వైర్లు కిందికి దించడం కొట్టాలకే పరిమితం కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో కరెంటు స్తంభాల్ని పడగొట్టేసింది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో అక్కడ భూగర్భ కేబుళ్ల పని చేపట్టారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2018లో కరెంటు లైను నుంచి అంటుకున్న అడవి మంట 85 మందిని బలి తీసుకుంది. ఆ లైను తాలూకు కంపెనీ 2021లో పది వేల మైళ్ల లైన్లను భూమిలోకి దించుతామని ప్రకటించింది. ఇంత పొడవు లైను పూడ్చడానికి వాళ్లకి ఏళ్లు పడుతుంది. మన పని మాత్రం యాభై, అరవై మీటర్లే. రెండు రోజుల్లో అయిపోతుంది.

మొదట కాగితం, తర్వాత గడ్డపార

ఇంటి మీటరు నుంచి కొట్టానికి లైను తీసుకోవచ్చా? కొట్టం ఇంటి ఆవరణలోనే ఉంటే మామూలుగా ఇబ్బంది లేదు. రోడ్డు అవతల వేరే స్థలంలోనో, చేనులోనో ఉంటే కథ మారుతుంది. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 ప్రకారం, ఏ స్థలం కోసం కనెక్షన్ ఇచ్చారో అక్కడ కాక మరోచోట వాడితే అది అనధికార వాడకం కిందికొస్తుంది. స్తంభానికి నేరుగా కొక్కెం వేస్తే మాత్రం అది సెక్షన్ 135 కింద దొంగతనమే. అలాగే వ్యవసాయ మోటారుకి వచ్చే ఉచిత కరెంటుని కొట్టానికి తిప్పడం కూడా తప్పే. అలాంటి చోట వేరే మీటరు తీసుకోవడమే దారి. మన జిల్లాలు ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే ఎన్‌పీడీసీఎల్ కిందికొస్తాయి. కొట్టంలో రెండు గేదెలుంటే ఒక లెక్క, డెయిరీ వ్యాపారమో కోళ్ల ఫారమో అయితే ఇంకో లెక్క. ఏ కేటగిరీ పడుతుందో ఏఈ ఆఫీసులో ముందే అడగాలి.

ఇంకో రెండు విషయాలు. పాత ఇళ్లలో చాలావాటికి మంజూరైన లోడు చాలా తక్కువ ఉంటుంది. కొట్టంలో 2 హెచ్‌పీ గడ్డి కోసే మిషన్ పెడితే ఒక్కసారిగా కిలోవాటున్నర పైన పెరిగినట్టు. అదనపు లోడుకి దరఖాస్తు చేసుకోవాలి. రెండోది, 2024 నుంచి అమలవుతున్న గృహజ్యోతి. నెలకి 200 యూనిట్ల లోపు అయితేనే జీరో బిల్లు. కొట్టం మోటారు వల్ల మీటరు 200 దాటిందంటే మొత్తం యూనిట్లకీ బిల్లొస్తుంది. ‘వైరు మనదే, గొయ్యి మనమే తవ్వాం, బిల్లెందుకు పెరిగింది?’ అని తర్వాత జుట్టు పీక్కోవద్దు.

అడవి అంచున ఉన్నవాళ్లకి మరో గీత ఉంది. అది అటవీ శాఖ హద్దు. మీ పెరడు రిజర్వ్ ఫారెస్ట్‌ని ఆనుకుని ఉంటే, దగ్గర దారి కదాని ఆ హద్దు లోపల నుంచి గొయ్యి తవ్వకూడదు. పది మీటర్లయినా అనుమతి కావాల్సిందే. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2)లో బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులతో పాటు కరెంటు లైన్లకీ అటవీ భూమి ఇచ్చే వీలుంది. గ్రామసభ సిఫార్సు చేయాలి, ఒక్కో పనికి హెక్టారు లోపే ఉండాలి, చెట్ల నరికివేతకీ పరిమితి ఉంది. కానీ అది ప్రభుత్వం నిర్వహించే సౌకర్యాలకే. గూడేనికి లైను రావడానికి పనికొస్తుంది, మన సొంత కొట్టానికి కేబుల్ వేసుకోవడానికి పనికిరాదు. కేబుల్ రోడ్డు దాటాల్సి వస్తే ఆ రోడ్డు ఎవరిదో వాళ్లని, పంచాయతీనో ఆర్ అండ్ బీనో, అడగాలి.

ఏ వైరు? ఎంత లావు?

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. గోడల్లో పైపుల్లో వేసే మామూలు ఇంటి వైరు మట్టికి పనికిరాదు. ప్లాస్టిక్ పైపులో దూర్చి పూడ్చినా పనికిరాదు. పైపులోకి నీళ్లు చేరతాయి, ఆ వైరు తొడుగు ఏళ్ల తరబడి తడిని తట్టుకునేలా తయారైంది కాదు. మట్టి కిందికి కావాల్సింది ఆర్మర్డ్ కేబుల్. లోపల తీగలు, వాటి మీద గట్టి ఎక్స్‌ఎల్‌పీఈ తొడుగు, దాని మీద ఉక్కు కవచం, ఆపైన ఇంకో తొడుగు. కేబుల్ మీద ఐఎస్ 7098 అనే గుర్తుంటుంది. కొనేటప్పుడు చూసుకోండి.

ఉక్కు కవచం దేనికి? మన దగ్గర మట్టి కింద ఖాళీగా ఏమీ ఉండదు. చెదలుంటాయి, పందికొక్కులుంటాయి. ముళ్లపంది దుంపల కోసం తవ్వుతుంది, అడవి పంది మూతితో నేలంతా దున్నేస్తుంది. రెండేళ్ల తర్వాత అరటి మొక్క పెడదామని మనమే గడ్డపార దింపుతాం. వీటన్నిటికీ ఉక్కు కవచం ఒక అడ్డు.

ఇక లావు సంగతి. కరెంటు దూరం వెళ్లే కొద్దీ దారిలో వోల్టేజీ తగ్గుతుంది. చిన్న లెక్క చేద్దాం. ఇంటికీ కొట్టానికీ 60 మీటర్లు. వెళ్లడానికి 60, తిరిగి రావడానికి 60, అంటే కరెంటు ప్రయాణం 120 మీటర్లు. కొట్టంలో 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు ఉందనుకుందాం. నడిచేటప్పుడు దాదాపు 11 ఆంపియర్లు లాగుతుంది. స్టార్టయ్యే ఆ క్షణంలో దానికి అయిదు రెట్లు, అంటే 55 దాకా లాగుతుంది.

2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి కిలోమీటరుకి 7.41 ఓమ్‌ల నిరోధం. 120 మీటర్లకి దాదాపు 0.89 ఓమ్‌లు. మోటారు నడుస్తుంటే పోయేది 10 వోల్టుల లోపే, ఫర్వాలేదు. స్టార్టింగ్‌లో మాత్రం 49 వోల్టులు పోతాయి! సాయంత్రం పూట ఊళ్లో వోల్టేజీ 200 ఉందనుకోండి, మోటారుకి అందేది 151. అది తిరగదు, మూలుగుతుంది, కాయిల్ కాలుతుంది. తప్పు మోటారుదని షాపువాడితో గొడవ పడతాం.

అదే 6 చదరపు మిల్లీమీటర్ల రాగి అయితే కిలోమీటరుకి 3.08 ఓమ్‌లే. స్టార్టింగ్‌లో పోయేది 20 వోల్టులు. 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియానికీ సరిగ్గా అదే 3.08. రాగి ధర భరించలేకపోతే అల్యూమినియం ఒక సైజు పెంచి తీసుకోవచ్చు. కాకపోతే చివర్లలో సరైన లగ్గులు నొక్కించాలి. అల్యూమినియాన్ని రాగికి మెలిపెట్టి టేపు చుడితే ఆ జాయింటు కొన్నాళ్లకే వేడెక్కుతుంది.

రెండు ఎల్‌ఈడీ బల్బులు, ఒక ఫ్యాను మాత్రమే అయితే ఇంత లావు అక్కర్లేదు. కానీ గొయ్యి ఒక్కసారే తవ్వుతాం. రేపు చాఫ్ కట్టరో, పాలు చల్లబరిచే మిషనో రావచ్చు. కొట్టం పక్కనే గది వేసుకుని లాప్‌టాప్‌తో వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే రోజూ రావచ్చు. ఈ రోజు లోడుకి కాదు, అయిదేళ్ల తర్వాతి లోడుకి కొనండి. కేబుల్ మూడు కోర్లది తీసుకోండి. ఫేజుకి ఒకటి, న్యూట్రల్‌కి ఒకటి, ఎర్త్‌కి ఒకటి.

గొయ్యి ఎంత లోతు?

కేబుళ్లు పూడ్చడానికి భారత ప్రమాణం ఐఎస్ 1255. ఇంటి కరెంటు కేబుల్‌కి నేల పైభాగం నుంచి కేబుల్ దాకా కనీసం 75 సెంటీమీటర్లు, రోడ్డు దాటే చోట మీటరు లోతు ఉండాలని అది చెబుతుంది. 75 అంటే రెండున్నర అడుగులు, దాదాపు నడుము దాకా. ‘అడుగు చాలు లే’ అనే మేస్త్రి మాట వినకండి. ట్రాక్టరు నాగలి అడుగు లోతు అవలీలగా దిగుతుంది.

గొయ్యి అడుగున రాళ్లు ఏరి, సుమారు 8 సెంటీమీటర్ల మందాన ఇసుక పరవాలి. దాని మీద కేబుల్‌ని లాగి బిగించకుండా, కాస్త వంపులు తిరుగుతూ వదులుగా పెట్టాలి. నేల కుంగినా కేబుల్ మీద లాగుడు పడదు. మళ్లీ అంతే మందం ఇసుక. ఆపైన అడ్డంగా ఇటుకలు పేర్చాలి. సగం మట్టి పోశాక ఎర్రటో పసుపో హెచ్చరిక టేపు పరవాలి. రేపు ఎవరైనా తవ్వితే ముందు టేపు కనిపిస్తుంది, తర్వాత ఇటుక తగులుతుంది, ఆ తర్వాతే కేబుల్. మూడు హెచ్చరికలన్నమాట.

కేబుల్‌ని మూల తిప్పేటప్పుడు కడ్డీ వంచినట్టు వంచకూడదు. కేబుల్ మందానికి పన్నెండు రెట్ల వ్యాసార్థంతో మెల్లగా తిప్పాలి. గోడలోకి దూరే చోట పైపు పెట్టి, పైపు నోరు మూసేయాలి. లేదంటే ఆ దారినే ఎలుకలు, వాన నీళ్లు ఇంట్లోకొస్తాయి. నేల నుంచి పైకి లేచే చోట మనిషి ఎత్తు దాకా ఇనప పైపు తొడిగితే గేదె కొమ్ము తగిలినా ఫర్వాలేదు.

నీళ్ల పైపుకీ కేబుల్‌కీ మధ్య కనీసం 30 సెంటీమీటర్లు వదలండి. ఇంటర్నెట్ ఫైబర్ కూడా కొట్టానికి కావాలంటే అదే గొయ్యిలో, అంతే దూరంలో, దానికి వేరే పైపు వేసేయండి. ఇప్పుడు కాకపోయినా ఖాళీ పైపు పెట్టి ఉంచితే, తర్వాత మళ్లీ తవ్వే పనుండదు.

మధ్యలో జాయింటు మాత్రం వద్దు. 60 మీటర్లకి 60 మీటర్ల ఒకే ముక్క కొనండి, చివర్లకి అయిదారు మీటర్లు ఎక్కువే కొనండి. మట్టి కింద పాడయ్యేది ఎక్కువగా జాయింటే. గోదావరి ఒడ్డు ఊళ్లకైతే ఇది మరీ ముఖ్యం. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగుల దగ్గర. అలాంటి వరద వస్తే మంచి కేబుల్ నీళ్లలో మునిగినా తట్టుకుంటుంది, టేపు చుట్టిన జాయింటు తట్టుకోదు. స్విచ్ బోర్డులు, ఎంసీబీ పెట్టెలు మీ ఊళ్లో వరద ఎంత ఎత్తుకొచ్చిందో గోడ మీద గుర్తు చూసి, దానికి పైన పెట్టండి. నీళ్లు వస్తున్నాయంటే ఇంటి దగ్గరే కొట్టం లైను ఆపేసే స్విచ్ ఉండాలి. ఆపడానికి నీళ్లలో నడిచి కొట్టానికి వెళ్లాల్సిన పరిస్థితి రాకూడదు.

ఎంసీబీ ఉంది కదా, భయమేంటి?

ఇది ఈ వ్యాసం మొత్తంలో ముఖ్యమైన భాగం. దయచేసి స్క్రోల్ చేసేయకండి.

చాలా ఇళ్లలో ‘ఎంసీబీ పెట్టించాం, షాకు కొడితే పడిపోతుంది’ అనుకుంటారు. పడదు. ఎంసీబీ పని వైరుని కాపాడటం, మనిషిని కాపాడటం కాదు. మళ్లీ ఓ లెక్క. కొట్టంలో ఫేజు వైరు తొడుగు చిట్లి ఇనప గుంజకి తగిలిందనుకుందాం. గుంజ ఎర్త్‌కి కలిపి ఉంది. కొట్టం ఎర్త్ నిరోధం 10 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ 2 ఓమ్‌లు అనుకుంటే, మొత్తం 12. పారే కరెంటు 230ని 12తో భాగిస్తే 19 ఆంపియర్లు. అక్కడున్నది 20 ఆంపియర్ల ఎంసీబీ. దాని దృష్టిలో అంతా మామూలే, మోటారేదో నడుస్తున్నట్టే లెక్క. అది పడిపోదు. ఈలోగా ఆ గుంజ మీద ఎంత వోల్టేజీ ఉంది? 19ని 10తో హెచ్చిస్తే 190 వోల్టులు! ఎర్త్ ఉంది, ఎంసీబీ ఉంది, అయినా గేదెని కట్టేసిన గుంజకి 190 వోల్టులు.

వేసవిలో నేల ఎండిపోతే ఎర్త్ నిరోధం ఇంకా పెరుగుతుంది. అప్పుడు పారే కరెంటు ఇంకా తగ్గుతుంది, ఎంసీబీ పడే అవకాశం ఇంకా తగ్గుతుంది.

దీనికి మందు ఆర్‌సీసీబీ. చూడటానికి ఎంసీబీలాగే ఉంటుంది, మీద ‘టెస్ట్’ అని చిన్న బటన్ ఉంటుంది. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది ప్రతి క్షణం పోల్చి చూస్తుంది. వెళ్లింది మొత్తం తిరిగి రాలేదంటే, మధ్యలో ఎక్కడో మనిషి గుండానో, గుంజ గుండానో నేలలోకి పోతోందని అర్థం. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరితే 0.3 సెకన్ల లోపే కట్ చేసేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లంటే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునే కరెంటు కంటే తక్కువ. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల్లోనూ ఇలాంటి రక్షణ పరికరం గురించి ఉంది. అయినా ఊళ్లలో దీన్ని ‘ఊరికే పడిపోతుంది’ అని తీసి పక్కన పెట్టేస్తుంటారు. ఊరికే పడదు. అది పడుతోందంటే ఎక్కడో లీకేజీ ఉంది, వెతకండి అని అరుస్తోందన్నమాట.

ఎక్కడ పెట్టాలి? కొట్టం బోర్డులో 30 మిల్లీ ఆంపియర్లది. ఇంటి దగ్గర కేబుల్ మొదలయ్యే చోట 100 లేదా 300 మిల్లీ ఆంపియర్ల ఆలస్య రకం ఇంకోటి. అప్పుడు కొట్టంలో తేడా వస్తే కొట్టందే పడుతుంది. మట్టి కింద కేబుల్‌లోనే తేడా వస్తే ఇంటి దగ్గరిది పడుతుంది. ఆర్‌సీసీబీతో పాటు ఎంసీబీ కూడా ఉండాలి. ఒకదాని పని ఇంకోటి చేయదు. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి. నొక్కినా పడలేదంటే మార్చేయండి.

కొట్టం దగ్గర వేరుగా ఒక ఎర్త్ గుంత తీయించాలి. ఐఎస్ 3043 ప్రకారం జీఐ పైపు అయితే రెండున్నర మీటర్ల పొడవుండాలి. దానికి కేబుల్ ఎర్త్ కోర్, ఉక్కు కవచం, కొట్టం ఇనప గుంజలు, గడ్డి మిషన్ బాడీ అన్నీ గట్టి తీగతో కలిపేయాలి. అన్నీ ఒకే తీగకి ఉంటే రెండు ఇనప వస్తువుల మధ్య వోల్టేజీ తేడా రాదు. వేసవిలో ఎర్త్ గుంతలో బిందెడు నీళ్లు పోయడం మర్చిపోవద్దు.

పశువుల విషయంలో ఇంకో సంగతి. మనిషి కాళ్ల మధ్య దూరం తక్కువ. ఒక కాలి నుంచి ఇంకో కాలికి పారే కరెంటు గుండె దాకా రాకుండా పోవచ్చు. ఆవుకీ గేదెకీ ముందు కాళ్లు, వెనక కాళ్లు దూరంగా ఉంటాయి, గుండె సరిగ్గా ఆ దారిలోనే ఉంటుంది. పైగా అవి మూత్రంతో తడిసిన నేల మీద నిలబడతాయి, చెప్పులుండవు. అందుకే మనకి ‘జిల్లు’మని వదిలేసే షాకు గేదెని పడేస్తుంది. పాలిచ్చే గేదె పోతే ఆ ఇంటికి నెలల సంపాదన పోయినట్టే.

కొట్టం దాకా వచ్చిన కరెంటు కంచె దాకా వెళ్లకూడదు

అడవి అంచున కొట్టంలో కరెంటు ఉందంటే ఇంకో ప్రలోభం పుడుతుంది. రాత్రి అడవి పందులొచ్చి మొక్కజొన్న చేను తొక్కేస్తున్నాయి, ఓ తీగ లాగి కంచెకి కలిపేద్దాం అని. పంటపోయిన రైతు బాధ నిజమైందే. కానీ ఆ తీగకి పందెవరో, పొద్దున్నే చేనుకొచ్చే మనిషెవరో తెలియదు. 2024 ఫిబ్రవరిలో మన పక్కనే భూపాలపల్లి జిల్లా కాటారం అడవుల్లో వేటగాళ్లు జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి గ్రేహౌండ్స్ జవాను ఒకరు చనిపోయారు. కరెంటు తీగతో అడవి జంతువుని చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మనిషి పోతే ఆ కేసు వేరు.

సోలార్ ఫెన్సింగ్ అనేది పూర్తిగా వేరే వస్తువు. అందులోని యంత్రం సెకనుకోసారి, కన్ను మూసి తెరిచేలోపే అయిపోయే చిన్న దెబ్బ ఇస్తుంది. జంతువు బెదిరి పారిపోతుంది, చావదు. కంచె కావాలంటే అది పెట్టుకోవాలి. కొట్టం లైను నుంచి కంచెకి ఒక్క తీగ కూడా పోకూడదు. భూగర్భ కేబుల్‌తో ఇక్కడ ఓ లాభముంది. గాల్లో వేలాడే వైరుకైతే ఎవరైనా దొంగతనంగా కొక్కెం తగిలించొచ్చు, మట్టి కింద ఉన్నదానికి తగిలించలేరు.

ఎవరితో చేయించాలి?

గొయ్యి మనం తవ్వుకోవచ్చు. ఇసుక, ఇటుకలు మనం తెచ్చుకోవచ్చు. కేబుల్ చివర్లు కలపడం, ఎర్త్, బోర్డు పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌తోనే చేయించాలి. మీటరుకి ముందు వైపు, స్తంభం వైపు ఎవరూ చేయి పెట్టకూడదు. అది డిస్కమ్ పని. ఫ్యూజు పీకడానికి ప్రైవేటు కుర్రాణ్ణి స్తంభం ఎక్కించొద్దు. లైన్‌మ్యాన్ అన్నకి ఫోన్ చేయండి, లేదంటే 1912కి.

గొయ్యి పూడ్చే ముందు కాంట్రాక్టర్‌ని మెగ్గర్ టెస్ట్ అడగండి. కేబుల్ లోపలి తీగల మధ్య, తీగలకీ కవచానికీ మధ్య లీకేజీ ఉందో లేదో ఆ మీటరు చెబుతుంది. పూడ్చాక మళ్లీ ఒకసారి చేయించండి. రెండు రీడింగులూ రాసి పెట్టుకోండి. అయిదేళ్ల తర్వాత ఏదైనా అనుమానం వస్తే పోల్చుకోవడానికి ఆ అంకెలే ఆధారం.

పూడ్చే ముందు ఈ ఏడూ సరిచూసుకోండి

1. కొట్టం ఇంటి ఆవరణలోనే ఉందా? లేకపోతే వేరే మీటరు తీసుకున్నారా? లోడు పెంచుకున్నారా?

2. అటవీ హద్దు, రోడ్డు ఎక్కడా తాకడం లేదు కదా? తాకితే అనుమతి ఉందా?

3. మూడు కోర్ల ఆర్మర్డ్ కేబుల్, ఒకే ముక్క, మధ్యలో జాయింటు లేకుండా ఉందా?

4. లోతు 75 సెంటీమీటర్లు వచ్చిందా? టేపుతో కొలవండి, కళ్లతో కాదు.

5. ఇంటి వైపు, కొట్టం వైపు ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ పెట్టారా? టెస్ట్ బటన్ నొక్కితే పడుతున్నాయా?

6. కొట్టం ఎర్త్‌కి గుంజలు, మిషన్లు, కేబుల్ కవచం అన్నీ కలిపారా?

7. గొయ్యి తెరిచి ఉండగానే ఫొటోలు తీశారా? ఇంటి మూల నుంచి ఎన్ని మీటర్లు, బావి నుంచి ఎన్ని మీటర్లు అని కొలతలు కనిపించేలా తీయండి. ఆ ఫొటోలు మీ ఫోన్లో ఒక్కదాంట్లోనే ఉంచకండి. ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి, కొట్టం బోర్డు తలుపు లోపల ఓ కాగితం మీద గీసి అంటించండి. మనం హైదరాబాద్‌లో ఉన్న రోజునే ఊళ్లో ఎవరో గడ్డపార పట్టుకుంటారు. అక్కడున్నవాళ్లకి కేబుల్ ఎక్కడుందో ఆ కాగితమే చెప్పాలి.